మీట నొక్కినంతసేపూ చెవుడే

హామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని, సరదా కోసం సొంత సెట్టుతో ఇతరులతో మాట్లాడుకునే విద్య. ఆ క్లబ్బులో కొత్తగా చేరినవారిని బెదరగొట్టేది యాంటెన్నా లెక్కలో, విద్యుత్తు పాఠాలో కాదు. మర్యాదల చిట్టా. మాట్లాడే ముందు వినాలట. ఒకరు ముగించగానే అందుకోకూడదట, క్షణం ఆగాలట. ఊరూ పేరూ తర్వాత, ముందు కాల్‌సైన్, అంటే లైసెన్సుతో వచ్చిన గుర్తు చెప్పాలట. ఎవరైనా మధ్యలో దూరి ఈలలు వేస్తే వినపడనట్లే ఉండాలట. పరీక్ష పాసై, సెట్టు కొనుక్కుని, నాలుగు మాటలు మాట్లాడదామని ఉత్సాహంగా వచ్చినవారికి ఇదంతా పాత సభ్యుల చాదస్తంలా కనిపిస్తుంది. కొంత చాదస్తం ఉన్న మాట నిజమే, దాని సంగతి తర్వాత చూద్దాం. కానీ ఈ మర్యాదల్లో ఎక్కువ భాగం పెద్దల ఇష్టాయిష్టాల నుంచి పుట్టినవి కావు. సెట్టుకు ఉన్న ఒక పరిమితి నుంచి పుట్టినవి.

టెలిఫోనులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకోవచ్చు. అవతలివారు నవ్వారో, నొచ్చుకున్నారో మన మాట పూర్తికాకముందే తెలిసిపోతుంది. రేడియోలో ఆ వీలు లేదు. మామూలు చేతి సెట్టు 5 వాట్ల శక్తితో పలుకుతుంది. అదే సెట్టు వినేటప్పుడు అందుకునే సంకేతం వాటులో లక్ష కోట్లవ వంతు కూడా ఉండకపోవచ్చు. ఈ రెండు పనులూ ఒకే యాంటెన్నా మీద, ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే క్షణంలో చేయడమంటే డప్పుల మధ్య నిలబడి చీమ నడకను వినడమే. అందుకని మాట్లాడడానికి మీట నొక్కగానే సెట్టు తన చెవులు తానే మూసుకుంటుంది. మన మీదుగా ఇంకెవరు మాట్లాడుతున్నారో, ఎవరు సాయం కోసం పిలుస్తున్నారో, అసలు మన గొంతు బయటికి వెళ్తోందో లేదో మీట వదిలేదాకా తెలియదు. ఈ చెవుడును గుర్తుపెట్టుకుని చిట్టాను మళ్లీ చదివితే చాలా ముళ్లు వాటంతట అవే వదులవుతాయి.

దీనికి తోడు ఎఫ్ఎం అనే ప్రసార పద్ధతి పెట్టే చిక్కు ఒకటుంది. స్థానిక క్లబ్బుల కబుర్లు ఎక్కువగా 2 మీటర్ల, 70 సెంటీమీటర్ల బ్యాండ్లలో, అంటే సుమారుగా ఆ తరంగదైర్ఘ్యం ఉన్న ఫ్రీక్వెన్సీల వరుసల్లో, ఎఫ్ఎం మీద నడుస్తాయి. ఎఫ్ఎం రిసీవరుకు బలవంతుడంటే పక్షపాతం. రెండు సంకేతాలు కలిసి వస్తే బలమైనదాన్ని పట్టుకుని రెండోదాన్ని మింగేస్తుంది. రెండూ ఇంచుమించు సమానమైతే మిగిలేది గరగర, కీచుమోత. హామ్‌లు దీన్ని డబ్లింగ్ అంటారు. ఇందులో వింత ఏమిటంటే, డబ్లింగ్ చేసిన ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. ఇద్దరి వేళ్లూ మీట మీదే ఉన్నాయి, ఇద్దరికీ ఏమీ వినపడదు. చక్కగా మాట్లాడామనే అనుకుని జవాబు కోసం ఎదురుచూస్తారు. మూడో మనిషి చెబితే తప్ప జరిగింది తెలియదు. విమానాలు నేటికీ పాత ఏఎం పద్ధతినే వాడుతుండడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఏఎంలో రెండు ప్రసారాలు ఢీకొంటే ఈల మోగుతుంది, అడుగున ఇంకొకరున్నారని వినేవారికి అనుమానం వస్తుంది. ఎఫ్ఎంలో బలహీనుడు ఆనవాలు లేకుండా మాయమవుతాడు.

రిపీటర్ రాగానే కథ మరో మెలిక తిరుగుతుంది. ఈ బ్యాండ్లలో మాట ఎంత దూరం వెళ్తుందన్నది వాట్ల కన్నా యాంటెన్నా ఎత్తు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. అందుకే క్లబ్బు సభ్యులు చందాలు వేసుకుని కొండ మీదో, ఎత్తయిన భవనం మీదో రిపీటరును నిలబెడతారు. అది ఒక ఫ్రీక్వెన్సీలో విని, అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీలో తిరిగి పలుకుతుంది. 2 మీటర్ల బ్యాండులో ఈ రెండింటి మధ్య ఎడం సాధారణంగా 600 కిలోహెర్ట్జ్. డూప్లెక్సర్ అనే లోహపు డబ్బాల వరుస ఆ రెంటినీ విడదీస్తుంది కాబట్టి, ఈ మొత్తం వ్యవహారంలో పలుకుతూ కూడా వినగలిగేది రిపీటర్ ఒక్కటే. దారిన పోయే ప్రతి చప్పుడుకూ అది మేలుకోదు. మన మాట అడుగున 67 నుంచి 254 హెర్ట్జ్ మధ్య సన్నటి స్వరం ఒకటి ఉంటేనే తలుపు తీస్తుంది. ఆ తలుపు తెరుచుకోవడానికి కొద్దిపాటి సమయం పడుతుంది. కొత్తవారి కాల్‌సైన్‌లో మొదటి అక్షరం తరచూ ఎగిరిపోయేది ఇందుకే. మీట నొక్కి, ఊపిరి పీల్చి, అప్పుడు పలకమని పాతవారు చెప్పేది యోగాభ్యాసం కాదు.

ఇక ఆ విరామం సంగతి. ఒకరు ముగించాక రిపీటర్ ఒక సెకనో రెండో తన ప్రసారాన్ని ఆపకుండా కొనసాగించి, చిన్న బీప్ వినిపిస్తుంది. ఆ బీప్ వచ్చేదాకా ఆగడం అలంకారం కాదు. ప్రతి రిపీటరులోనూ ఒక గడియారం ఉంటుంది, సాధారణంగా మూడు నిమిషాలది. చేతి సెట్టు కారు సీటు మీద పడి మీట నొక్కుకుపోయినా, ఎవరైనా ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతున్నా ఆ గడియారం ప్రసారాన్ని కోసేస్తుంది. చాలా రిపీటర్లలో అది మళ్లీ సున్నాకు వచ్చేది బీప్ తర్వాతే. తొందరపడి అందుకున్నవారు ముందువారి సమయాన్ని కూడా తమ ఖాతాలో వేసుకుంటారు. ఇది యంత్రం వైపు కారణం. మనుషుల వైపు కారణం ఇంకా బరువైనది. ఇద్దరు మిత్రులు గంటసేపు సందు లేకుండా బంతి విసురుకుంటున్నారనుకుందాం. దారిలో ప్రమాదాన్ని చూసిన మూడో వ్యక్తికి కబురు చెప్పే చోటు ఏది? ఆయన ఎంత అరిచినా మీట నొక్కినవారికి వినపడదు. ఆ రెండు సెకన్ల ఖాళీ ఒక్కటే ఆయనకున్న తలుపు. ఆ సందులో చొరబడడానికి ఏ మాట వాడాలన్నది క్లబ్బుకో తీరు. కొన్ని చోట్ల బ్రేక్ అంటే నేనూ చేరతాననే, మరికొన్ని చోట్ల అది అత్యవసరానికి గుర్తు. గొడవ లేని మార్గం, ఖాళీలో కాల్‌సైన్ ఒక్కటి చెప్పి వేలు తీసేయడం. అత్యవసరమైతే ఆ మాటే నేరుగా అనాలి.

కాల్‌సైన్ విషయంలో మాత్రం మర్యాద కాదు, చట్టమే మాట్లాడుతుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ దేశాలకు పంచిన అక్షరాల నుంచి ప్రతి హామ్‌కూ ప్రపంచంలో మరొకరికి లేని గుర్తు వస్తుంది. ఎన్ని నిమిషాలకు ఒకసారి చెప్పాలన్నది ఏ దేశం నియమం దానిదే. అమెరికాలో పది నిమిషాలకు ఒకసారి, సంభాషణ చివర మరోసారి. రిపీటర్ పనిచేస్తోందో లేదో చూడడానికి కొందరు ఏమీ మాట్లాడకుండా మీట నొక్కి వదులుతారు. ఎన్నో ఇళ్లలో సెట్లు టక్కుమంటాయి, ఎవరో ఏమిటో తెలియదు. తలుపు తట్టి పారిపోయే పిల్లల ఆట ఇది. కాల్‌సైన్ చెప్పి, పరీక్షిస్తున్నానని ఒక మాట అంటే అదే పని మర్యాదగా అయిపోతుంది, పైగా ఎవరో ఒకరు పలకరిస్తారు కూడా. చివరికి ఎక్కడ ఏ పొరపాటు జరిగినా ప్రభుత్వం అడిగేది లైసెన్సు ఉన్న మనిషినే. క్లబ్బు స్టేషన్‌లో అతిథి చేతికి మైకు ఇచ్చినప్పుడు లైసెన్సుదారు పక్కనే కూర్చునేది అందుకే. అతిథి మాట్లాడవచ్చా, ఏ దేశంవారితో మాట్లాడవచ్చు అన్నదీ దేశాన్ని బట్టి మారుతుంది.

ఇక్కడే ఒక కలగాపులగాన్ని విడదీయాలి. గాలిలో జరిగే వాదాల్లో సగం నాలుగు వేర్వేరు సంగతులను ఒకే మూటగా కట్టడం వల్ల వచ్చేవే. మొదటిది చట్టం. అంతర్జాతీయ రేడియో నిబంధనల ప్రకారం ఈ సేవ స్వయంశిక్షణ కోసం, పరస్పర సంభాషణ కోసం, సాంకేతిక పరిశోధన కోసం, అదీ ధనాపేక్ష లేకుండా. అర్థాన్ని దాచే సంకేత భాష కూడదు. ఉపగ్రహాలకు పంపే ఆదేశాలకు మాత్రం మినహాయింపు ఉంది. రెండోది ఒప్పందం. ఏ బ్యాండులో మోర్స్ అనే చుక్కలూ గీతల భాష ఎక్కడ, మాట ఎక్కడ, డిజిటల్ ఎక్కడ అని పంచుకునే బ్యాండ్ ప్లాన్‌ను 1925లో ప్యారిస్‌లో ఏర్పడిన అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ ప్రాంతాలవారీగా తయారుచేస్తుంది. చాలా దేశాల్లో దాన్ని మీరడం నేరం కాదు, నలుగురిలో తలదించుకునే పని. మూడోది క్లబ్బు సొంత కట్టుబాటు. రాజకీయం, మతం రిపీటరు మీద వద్దనే నియమం సాధారణంగా ఈ కోవలోదే. అది ఎందుకు ఉపయోగమో చెవుడును గుర్తుచేసుకుంటే అర్థమవుతుంది. ఎదురుగా కూర్చుని వాదించుకునేవారు అవతలి ముఖం చూసి గొంతు తగ్గిస్తారు. మీట నొక్కి రెండు నిమిషాలు దంచేవారికి ఏ ముఖమూ కనపడదు, ఏ అభ్యంతరమూ వినపడదు.

నాలుగోది ఉత్త అలవాటు. నేను ముందు ఒప్పుకున్న చాదస్తం ఇక్కడుంది. క్యూ అక్షరంతో మొదలయ్యే మూడక్షరాల సంకేతాలు, అంటే క్యూ కోడ్, 1912 లండన్ ఒప్పందంతో అంతర్జాతీయంగా స్థిరపడిన టెలిగ్రాఫ్ పొదుపు. మోర్స్‌లో ఒక్కో అక్షరం కొట్టడం శ్రమ కాబట్టి అంతరాయాన్ని క్యూఆర్‌ఎం, సంకేతం సన్నగిల్లి మళ్లీ పుంజుకోవడాన్ని క్యూఎస్‌బి అన్నారు. భాషలు వేరైన ఇద్దరికి అది నేటికీ వంతెనే. కానీ పక్క వీధి మిత్రుడితో స్పష్టంగా వినపడే ఎఫ్ఎం మీద మాట్లాడుతూ మా క్యూటీహెచ్ ఫలానా అనడం, మా ఊరు ఫలానా అనడం కన్నా ఏ విధంగా మేలో నాకు బోధపడదు. వీడ్కోలుకు 73 అంటారు. అదీ పందొమ్మిదో శతాబ్దపు తంతి ఉద్యోగుల నుంచి వచ్చిందే. 73 అంటేనే శుభాకాంక్షలు. దానికి బహువచనం తగిలించి 73స్ అనడం శుభాకాంక్షలులు అన్నట్లుంటుంది. అయినా ఈ తప్పును గాలి మీద దిద్దబోయేవారు తప్పు కన్నా ఎక్కువ చికాకు. అక్షరాలకు బదులు పలికే మాటలు మాత్రం చాదస్తం కాదు. బీ, డీ, పీ, టీ, వీ గరగరలో ఒకేలా వినపడతాయి. బ్రావో, డెల్టా, పాపా, టాంగో, విక్టర్ అలా వినపడవు. ఏ దేశం గొంతుకైనా పలికేలా ఎన్నో మార్పులు చేశాక 1956లో ఆ జాబితా ఇప్పటి రూపానికి వచ్చింది.

వారంలో ఒక రాత్రి చాలా క్లబ్బులు నెట్ అనే గాలి సమావేశం నడుపుతాయి. బయటివారికి అది హాజరు పట్టీలా ఉంటుంది. ఒకరు కంట్రోల్ స్టేషన్‌గా కూర్చుని పిలుస్తారు, మిగతావారు ఒక్కొక్కరే కాల్‌సైన్ చెబుతారు, కంట్రోల్‌లో ఉన్నవారు వాటిని రాసుకుని తిరిగి చదువుతారు. ఏమిటీ తంతు అనిపించవచ్చు. ఒకరికొకరు కనపడని ముప్పై మంది, మాట్లాడేటప్పుడు ఏమీ వినపడని ముప్పై మంది, ఒకే దారిని పంచుకోవాలంటే వేరే ఉపాయం లేదు. తిరిగి చదవడంలోనే ఆ ఉపాయం ఉంది. జాబితాలో తన పేరు వినపడనివారికి తమ పిలుపు అందలేదని తెలుస్తుంది. కంట్రోల్‌కు అందని బలహీన స్వరం మధ్యనున్న మరొకరికి అందితే, ఆయన రిలే అని చెప్పి ఆ కబురును చేరవేస్తారు. ఇద్దరు సభ్యులు విడిగా మాట్లాడుకోవాలంటే కంట్రోల్‌ను అడిగి వేరే ఫ్రీక్వెన్సీకి పోతారు. మంచి కంట్రోల్ స్టేషన్ తక్కువ మాట్లాడుతుంది. చెడ్డది ప్రతి పిలుపుకూ వ్యాఖ్యానం చేస్తుంది, నలభై నిమిషాల పని రెండు గంటలు సాగుతుంది.

దూరదేశాలతో మాట్లాడే హెచ్‌ఎఫ్ బ్యాండ్లలో చెవుడు ఇంకో రూపు ఎత్తుతుంది. అక్కడ మీట వదిలాక కూడా సగమే వినపడుతుంది. 7, 14 మెగాహెర్ట్జ్ తరంగాలు పై వాతావరణంలోని అయనోస్ఫియర్‌ను తాకి వంగి ఎక్కడో దూరాన దిగుతాయి. మధ్యలో కొంత మేర వాటికి అందకుండా మిగిలిపోతుంది. ఆ మేరలో మనముంటే, ఇద్దరు మాట్లాడుకుంటున్నా మనకు ఒకరే వినపడవచ్చు. వినపడనివారు పలుకుతున్న రెండు నిమిషాలు ఫ్రీక్వెన్సీ నిశ్శబ్దంగా, ఖాళీగా, మనకోసమే వేచి ఉన్నట్లు కనిపిస్తుంది. అందుకే కొద్దిసేపు విని, ఖాళీయేనా అని అడిగి, ఆగి, మళ్లీ అడిగి, అప్పుడు పిలవాలి. మోర్స్‌లో ఇదే ప్రశ్న క్యూఆర్‌ఎల్.

అరుదైన దీవి నుంచి ఎవరైనా పలికితే వందల మంది ఒక్కసారిగా మీద పడతారు. దాన్ని పైలప్ అంటారు. తెలివైన ఆపరేటర్ తాను ఒక చోట పలుకుతూ, వినేది 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ పైన అని చెబుతాడు. పిలిచేవారి హోరు ఆయన మాటను ముంచకుండా ఉండడానికి ఇది ఏర్పాటు. ఎవరో ఒకరు మరచిపోయి ఆయన పలికే చోటే పిలుస్తారు. తప్పు అక్కడితో ఆగితే రెండు సెకన్ల నష్టం. కానీ వెంటనే పదిమంది స్వచ్ఛంద పోలీసులు అదే చోటికి వచ్చి పైకి వెళ్లు, పైకి వెళ్లు అని కేకలు మొదలుపెడతారు. దీవి స్వరాన్ని నిజంగా ముంచేది ఆ కేకలే. తప్పు చేసినవాడు ఆ సమయంలో మీట నొక్కి ఉంటాడు కాబట్టి ఆ చీవాట్లు అతనికొక్కడికే వినపడవు.

శక్తి విషయంలో నియమం సరళం: గోటితో పోయేదానికి గొడ్డలి తీయవద్దు. 5 వాట్లతో అందే రిపీటరును 50 వాట్లతో పిలిస్తే దూరాన అదే ఫ్రీక్వెన్సీలో ఉన్న మరో రిపీటర్ కూడా తలుపు తీయవచ్చు. ఉపగ్రహాల మీద ఇది ఇంకా పదునైన సమస్య. హామ్‌ల తొలి ఉపగ్రహం ఆస్కార్-1 1961 డిసెంబరు 12న వెళ్లి మోర్స్‌లో హాయ్ అని మాత్రమే పలికింది. నేటి ఉపగ్రహాల్లో విన్నదాన్ని తిరిగి పలికే పరికరం, ట్రాన్స్‌పాండర్ మీద ఒకేసారి ఎందరో మాట్లాడవచ్చు. అయితే ఉన్న శక్తిని అందరూ పంచుకోవాలి, ఒకరు గట్టిగా అరిస్తే మిగతావారందరి గొంతూ తగ్గిపోతుంది. భూస్థిర కక్ష్యలోని క్యూవో-100లో దీనికి లైలా అనే ఏర్పాటు పెట్టారు. ఎవరి సంకేతమైనా ఉపగ్రహం మీద ఎప్పుడూ మోగే గుర్తు సంకేతం, బీకన్ కన్నా బలంగా ఉంటే దాని మీద సైరన్ మోగుతుంది. ఇక్కడ ఇంకో సుఖం ఉంది. పలికేది, వినేది చాలా ఎడమైన రెండు బ్యాండ్లలో కాబట్టి మన గొంతు ఆకాశం నుంచి దిగిరావడం మనమే వినవచ్చు. చెవుడు తొలగిన చోట మర్యాదను నేర్పడం తేలికని సాంకేతిక నిపుణులు కనిపెట్టినట్లున్నారు. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతి మరో దారి పట్టింది. దాని రూపకర్తల్లో ఒకరైన జో టేలర్ 1993లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నవారు. అందులో ప్రతి పదిహేను సెకన్లకూ వంతు మారుతుంది. ఒక వంతు పలకడం, ఒక వంతు వినడం. ఆగడం అనే గుణాన్ని మనిషిలోంచి తీసి గడియారంలో పెట్టేశారు.

కావాలని అల్లరి చేసేవారు ఎక్కడైనా ఉంటారు. పాటలు వేస్తారు, ఈలలు వేస్తారు, ఇతరుల కాల్‌సైన్ దొంగిలిస్తారు. వారికి కావలసింది మన జవాబు. తన ప్రసారం ఎవరికైనా తగిలిందో లేదో అతనికీ మీట వదిలాకే తెలుస్తుంది, అప్పుడు వినపడే తిట్లే అతని కూలి. జవాబు రాకపోతే కూలి గిట్టదు. ఊరికే కూర్చోవాలని కాదు, నోరు మూసుకుని యాంటెన్నా తిప్పాలి. ఈ విద్యకు క్లబ్బుల్లో ఒక ఆట ఉంది, నక్కవేట. దాచిన చిన్న ట్రాన్స్‌మిటర్లను దిశ చూపే యాంటెన్నాతో వెతికి పట్టుకోవాలి. దగ్గరికి పోయేకొద్దీ సంకేతం అన్ని వైపుల నుంచీ బలంగా వచ్చి దిక్కు తెలియకుండా చేస్తుంది. అప్పుడు సెట్టును గుండెకు ఆనించి గుండ్రంగా తిరుగుతూ, మన ఒంటినే అడ్డుగా వాడి, ఎటు తగ్గిందో చూస్తారు. 1980లో పోలండ్‌లో తొలి ప్రపంచ పోటీ జరిగింది. ప్రామాణికమైన పోటీలో ఐదు నక్కలు నిమిషానికి ఒకటి చొప్పున వంతులవారీగా కూస్తాయి. మోర్స్‌లో ఎం, ఓ అక్షరాల తర్వాత వచ్చే చుక్కల సంఖ్యే ఆ నక్క సంఖ్య. మోర్స్ రానివారైనా వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

ఫీల్డ్ డే అనేది మరో ఆట, అమెరికాలో 1933 నుంచి జూన్‌లో జరుగుతోంది. కరెంటు తీగలకు దూరంగా గుడారాలు వేసి, జనరేటర్లతో, బ్యాటరీలతో రాత్రంతా ఎందరిని పలకరించగలరో చూస్తారు. చూసేవారికి విహారయాత్ర. చెట్టుకు తీగ కట్టడం, చీకట్లో తెగిన కనెక్టరును అతకడం, నిద్రమత్తులోనూ కాల్‌సైన్ తప్పులేకుండా రాయడం అక్కడే అలవడతాయి. 2004 డిసెంబరులో కొందరు హామ్‌లు దూరదేశాలతో మాట్లాడే సరదా కోసమే అండమాన్ వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో స్టేషన్ పెట్టారు. 26న సునామీ వచ్చింది. టెలిఫోన్లు మూగబోయాయి. సరదా స్టేషన్ క్షేమ సమాచారాలు చేరవేసే స్టేషన్ అయింది. అలాంటి వేళ కబురు పంపే పద్ధతి కూడా చెవుడును లెక్కలోకి తీసుకున్నదే. అమెరికా హామ్‌లు వాడే రేడియోగ్రామ్‌లో సందేశానికి ముందే అందులో ఎన్ని మాటలున్నాయో రాస్తారు. అందుకున్నవారు లెక్కపెట్టుకుని ఒకటి తగ్గితే మళ్లీ అడుగుతారు. చదివేవారు మధ్యమధ్య మీట వదిలి, అందిందా అని వింటారు. మందు పేరులో ఒక అక్షరం పోయినా ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

క్లబ్బుల పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది మాత్రం బడిపిల్లలను అంతరిక్ష కేంద్రంతో మాట్లాడించడం. 1983లో అమెరికా వ్యోమగామి ఓవెన్ గారియట్ కొలంబియా షటిల్ నుంచి తొలిసారి హామ్ సెట్టు మీద పలికారు. ఇప్పుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అందుకు స్టేషనే ఉంది. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా పరుగెత్తే ఆ కేంద్రం ఒక చోటి ఆకాశంలో ఉండేది పది నిమిషాలే. నెలల తరబడి తయారైన పిల్లలు మైకు ముందు వరుసగా నిలబడి, ఒక్కో ప్రశ్న అడిగి, ఓవర్ అని పక్కకు తప్పుకుంటారు. వ్యోమగామి జవాబు 145.800 మెగాహెర్ట్జ్‌లో దిగివస్తుంది. చేతి సెట్టు ఉన్న ఎవరికైనా వినపడుతుంది. పిల్లల ప్రశ్న వేరే ఫ్రీక్వెన్సీలో పైకి పోతుంది కాబట్టి దూరాన వింటున్నవారికి అది అందదు. చుట్టూ వందల కిలోమీటర్ల మేర హామ్‌లు ఆ పది నిమిషాలూ మీట మీద వేలు పెట్టకుండా కూర్చుని, ఏ ప్రశ్నకో తెలియని జవాబులు వింటూ ఉంటారు.